పడవ బ్యాటరీ: వేట విరామమున దాని సంరక్షణ

గౌతమీ గోదావరి నుండి కోరింగ పాయ చీలు చోట వెలసిన ఊరు మన యానాం. వేటయే జీవనాధారముగా గల కుటుంబములు ఇచట ఎన్నో కలవు. ఒకప్పుడు తెరచాపను, తెడ్డును నమ్ముకొన్న పడవ నేడు ఇంజనును నమ్ముకొన్నది. మీట నొక్కి ఇంజను కదల్చుటకును, రాత్రివేళ దీపము వెలుగుటకును, ఆపదలో వైర్‌లెస్సుపై పిలుచుటకును బ్యాటరీయే ఆధారము. నడిసముద్రమున అది మొరాయించినచో పడవలోనివారి ప్రాణములకే ముప్పు. కావున దీని సంగతి ఇంటిల్లిపాదియు తెలిసికొనదగును.

1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సీసపు పలకలను గంధకామ్లములో ముంచి, మరల మరల చార్జి చేయదగిన బ్యాటరీని నిర్మించెను. నేటి పడవలలో విరివిగా వాడు బ్యాటరీ ఆ వంశమునకు చెందినదే. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిచ్చును. విద్యుత్తు వాడినకొలది పలకలపై సీసపు సల్ఫేటు అను పొర ఏర్పడును. చార్జి చేసినప్పుడు అది విడిపోవును. చాలకాలము చార్జి లేకయుండినచో ఆ పొర గట్టిపడి, ఇక విడిపోదు.

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినములు, యంత్రపు పడవల వేటకు నిషేధము కలదు. బ్యాటరీకి గండము ఆ దినములలోనే. వాడకున్నను దాని చార్జి తనంతట తరుగును. వేసవి వేడిమికి మరింత వేగముగా తరుగును.

కావున పడవ ఒడ్డు చేరగానే బ్యాటరీని నిండుగా చార్జి చేయించి, తీగలు విప్పి, పిల్లలకు అందని చల్లని పొడి చోట ఉంచవలెను. నెలకొకసారి వోల్టుమీటరుతో చూడవలెను. సుమారు 12.6 వోల్టులు నిండు చార్జికి, 12.2 సగము చార్జికి గుర్తు. 12.4కు దిగినచో మరల చార్జి చేయించవలెను. మూతలు తీయదగిన బ్యాటరీలో నీరు తగ్గినచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. నూతినీరు, ఏటినీరు పనికిరావు. ఉప్పుగాలికి టెర్మినళ్లపై పేరుకొన్న పొడిని, మూతలు బిగించి, వంటసోడా నీటితో కడిగి, ఆరిన పిదప వాజలైను పూయవలెను. చార్జి చేయునపుడు వెలువడు హైడ్రోజన్ నిప్పురవ్వకు ప్రేలును. బీడీ, దీపము దరిచేర్చరాదు. సముద్రపు నీరు లోపలి ఆమ్లముతో కలిసినచో విషవాయువగు క్లోరిన్ పుట్టును. కావున పడవలో దానిని, అడుగున చేరు నీటికి అందని ఎత్తున, గాలియాడు పెట్టెలో కదలకుండ బిగించవలెను.

నిండుగా చార్జి చేసి ఒక రాత్రి ఉంచినను 12.4 వోల్టులైన నిలువని బ్యాటరీని మార్చుట మేలు. తీయునపుడు మొదట ఋణధ్రువపు తీగను, పిదప ధనధ్రువపు తీగను విప్పవలెను. కొత్తది అమర్చునపుడు ధనధ్రువము ముందు, ఋణధ్రువము చివర. సాధారణముగా ఇంజను లోహము ఋణధ్రువముతో కలిసియుండును. క్రమము తప్పి, ధనధ్రువముపైనున్న స్పానరు ఇంజనుకు తగిలినచో నిప్పురవ్వలు లేచును.

తల్లిదండ్రులు ముఖ్యముగా గమనింపవలసినది పాత బ్యాటరీ సంగతి. వలగుండ్లు పోయుటకైనను దానిని పగులగొట్టి సీసము కరిగింపరాదు. సీసపు పొగయు, ధూళియు పసిపిల్లల మెదడునకు శాశ్వతమైన హాని చేయును. వారి గ్రహణశక్తి తగ్గును. ఆ ధూళి పెద్దల చేతులకును, బట్టలకును అంటి ఇల్లు చేరును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు పాతవానిని తిరిగి సేకరించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. కొత్తది కొనునపుడు పాతదానిని చెక్కుచెదరకుండ దుకాణమునకు అప్పగించినచో వెలలో కొంత తగ్గింపును లభించును.

బ్యాటరీని ముట్టుట పెద్దల పని. అయినను నెలనెలా వోల్టుమీటరు చూపిన అంకెను, తేదీని పుస్తకమున వ్రాయు పనిని బడికి పోవు పిల్లవానికో, పిల్లకో అప్పగింపుడు. జూన్ నెలలో పడవ మరల నీటిలో దిగునపుడు ఆ పుస్తకము తండ్రికి అక్కరకు వచ్చును.