ఆటకిచ్చిన రూపాయికి లెక్క ఏది?



పిల్లల ఫీజులకు, పుస్తకాలకు, రోగుల మందులకు అడిగితే మన దాతలు ఎన్నడూ లేదనరు. బంతులకు, నెట్టుకు, వ్యాయామ శిక్షకుడి జీతానికి అడిగితే మాత్రం, "ఆటలకు కూడా చందాలా మాస్టారూ?" అంటారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. మీరిచ్చే సొమ్ము మా చేతుల్లో అమానత్. ఫీజు కడితే రశీదు వస్తుంది, మందు కొంటే బిల్లు వస్తుంది. మరి ఆట వల్ల ఏమి వచ్చిందో చూపించేదెలా? దానికొక పద్ధతి ఉంది. దాన్ని ఇక్కడ వివరిస్తాము.

పతకం ఒక్కటే కొలత కాదు

ఆట విలువ అనగానే అందరికీ పతకాలు గుర్తుకొస్తాయి. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. హైదరాబాదులో బడి ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవి మనందరికీ గర్వకారణం. కానీ ఎర్రుపాలెం మండలంలో బంతి పట్టిన పిల్లల్లో పతకం దాకా వెళ్లేది ఏ ఒక్కరో. పతకమే కొలత అయితే మిగిలిన వాళ్లందరి మీద పెట్టిన ఖర్చు వృథా అనాలి. అది న్యాయం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు కావాలి. ఇది పతకం కోసం చెప్పినది కాదు, ఆరోగ్యంగా ఉండటం కోసం చెప్పినది.

ఇంగ్లండు వేసిన లెక్క

ఇంగ్లండులో షెఫీల్డ్ హాలం విశ్వవిద్యాలయం వారు 2017–18 సంవత్సరానికి ఒక లెక్క కట్టారు. ఆటలు, వ్యాయామం మీద పెట్టిన ప్రతి పౌనుకు సమాజానికి 3.91 పౌన్ల విలువ తిరిగి వస్తోందని తేల్చారు. జబ్బులు తగ్గడం, మనసు బాగుండటం, చదువు మెరుగవడం, నేరాలు తగ్గడం, స్వచ్ఛంద సేవ, ఇవన్నీ అందులో చేరాయి.

ఆ అంకెను తెచ్చి మన కరపత్రంలో వేసుకోవచ్చా? కూడదు. అది అక్కడి ఆసుపత్రి ఖర్చులు, అక్కడి జీతాల మీద కట్టిన లెక్క. మనం తీసుకోవలసింది ఆ అంకెను కాదు, ఆ లెక్క కట్టే తీరును.

కూడికల కంటే తీసివేతలు ముఖ్యం

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్న అంకెలు మాత్రమే.

ఒక ఏడాది మైదానం మీద 60,000 రూపాయలు ఖర్చు చేశాం అనుకుందాం. మైదానానికి వచ్చిన 40 మంది పిల్లల్లో 20 మందికి బడి మానే రోజులు తగ్గాయి. ఒక్కో బిడ్డకు 3,000 రూపాయలు పడింది. చూడటానికి బాగుంది. కానీ మైదానానికి రాని 40 మందిని కూడా చూస్తే, వాళ్లలో 8 మందికి అలాగే తగ్గాయి. అంటే ఆట లేకున్నా జరిగేది అంత ఉంది. దాన్ని తీసేస్తే మిగిలింది 12. మైదానానికి వచ్చిన పిల్లలకే సాయంత్రం ట్యూషన్ కూడా చెప్పించాం అనుకుంటే, సగం ఫలితం ట్యూషన్‌ది. ఇక ఆటకు మిగిలింది 6. ఒక్కో బిడ్డకు 10,000 రూపాయలు.

మొదటి అంకె దాతను మెప్పిస్తుంది. రెండోది నిజానికి దగ్గరగా ఉంటుంది. అమానత్ అన్నాక రెండోదే రాయాలి.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చుకున్న వాళ్లలో మేమూ ఉన్నాము. మేము పనిచేసిన ఒక బడిలో దాతలిచ్చిన ఆట సామాను ఫొటో దిగాక బీరువాలోకి వెళ్లింది. మరుసటి ఏడు తీసి చూస్తే బంతుల్లో గాలి లేదు. "సామాను పంపిణీ చేశాం" అన్న నివేదికలో అబద్ధం ఏమీ లేదు. ఫలితమూ ఏమీ లేదు.

మనం రాయవలసిన నాలుగు పుస్తకాలు

ఒకటి, మైదానం హాజరు. అబ్బాయిలు, అమ్మాయిలు వేరువేరుగా రాయాలి. ఎనిమిదో తరగతి దాటాక అమ్మాయిలు మైదానానికి రావడం తగ్గుతుంది. మొత్తం కలిపి రాస్తే ఆ సంగతి అంకెల్లో దాగిపోతుంది. వేరుగా రాస్తే మహిళా శిక్షకురాలు కావాలా, చాటు గోడ కావాలా, చీకటి పడకముందే ఆట ముగించాలా అన్నది తల్లులనే అడగవచ్చు.

రెండు, బడి హాజరు. ముఖ్యంగా పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో. మన ప్రాంతంలో పిల్లలు బడికి దూరమయ్యేది అప్పుడే.

మూడు, దేహ దారుఢ్యం. 600 మీటర్ల పరుగు, నడక ఏడాది మొదట్లో ఒకసారి, చివర ఒకసారి. ఒక గడియారం చాలు. ఈ పరీక్ష ఖేలో ఇండియా కొలతల్లోనూ ఉంది.

నాలుగు, పిల్లల మాట. నిద్ర ఎలా పడుతోంది, ఎవరితో స్నేహం కలిసింది, కోపం తగ్గిందా. ఏ కులం, ఏ మతం అని చూడకుండా ఒకే జట్టులో ఆడిన పిల్లల స్నేహానికి రూపాయల్లో ధర కట్టలేము. కట్టలేనిదాన్ని మాటల్లోనే రాద్దాం, లేదని మాత్రం అనవద్దు.

దాతలకు మనవి

జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ నిర్ణయించింది. అందుకే మైదానం ఖర్చుకు జకాత్ నిధిని కలపవద్దని, సాధారణ విరాళాలు, సదఖా నుంచే వేరు ఖాతా పెట్టాలని మా సూచన. సందేహముంటే ఉలమాలను అడగండి.

మీరు చందా ఇచ్చాక ఫొటో అడగకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమంది వచ్చారు? ఎంతమంది ఆగిపోయారు, ఎందుకు? ఆట లేకపోతే ఏమయ్యేది? జవాబు చిన్న అంకె అయినా చిన్నబుచ్చుకోకండి. ఆరుగురు పిల్లలు మిర్చి కోతల్లో కూడా బడిలో కూర్చున్నారంటే అది ఆరు ఇళ్ల సంగతి. వచ్చే సంచిక నాటికి ఆ నాలుగు పుస్తకాలు మీ ముందు పెడతాము, ఇన్‌షా అల్లాహ్.