డిజైనర్ బ్లౌజుకి ముందు అంచు కుట్టడం నేర్చుకోండి

కుట్టుపని నేర్చుకుంటామని వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిరోజే అడిగేది డిజైనర్ బ్లౌజుల గురించి. కటింగ్‌లో చెయ్యి తిరగాలంటే నెలలు పడుతుంది. అందాకా చేతికి రూపాయి రాదు, సగంలో మానేసేవాళ్ళు అక్కడే మానేస్తారు. టైలర్ షాపులో పేరుకుపోయి ఉండే పని వేరు: పొడవు తగ్గించాల్సిన ప్యాంట్లు, ఫాల్ వేయాల్సిన చీరలు, హెమ్మింగూ హుక్కులూ మిగిలిపోయిన జాకెట్లు. కటింగ్ వదిలిపెట్టి మాస్టరు వీటి ముందు కూర్చోలేడు, బయటివాళ్ళకి ఇస్తాడు. కొత్తవాళ్ళకి చోటు దొరికేది అక్కడే.

అంచు కుట్టేటప్పుడు ఏ గుడ్డకైనా పోగులు ఊడే కొస లోపల దాగాలి. పావు అంగుళం మడిచి ఇస్త్రీ చెయ్యాలి, కావలసిన వెడల్పుకి మళ్ళీ మడిచి ఇంకోసారి ఇస్త్రీ చెయ్యాలి, ఆ తర్వాతే కుట్టు. అందరూ ఎగ్గొట్టేది ఈ ఇస్త్రీనే. అంచు మెలితిరిగితే మాత్రం మిషన్‌ని తిడతారు! చేతి హెమ్మింగ్‌కి ఒంటి దారం చాలు, మూరెడు దాటితే చిక్కుపడుతుంది. ముడి మడత లోపల ఉండాలి. సూది పైగుడ్డలోంచి ఒకటి రెండు పోగులే పట్టుకుని మడతలోకి పోవాలి. దారం బిగించి లాగితే బయటివైపు సొట్టలు తేలతాయి. తిప్పి చూసినప్పుడు కుట్టు కనబడకపోతే పని వచ్చినట్టే.

మన దగ్గర ఈ పనికి పెద్ద గిరాకీ చీరలది. పీకో సంగతి తేలిక, జిగ్‌జాగ్ మిషన్ ఉంటే నిమిషాల్లో అయిపోతుంది. ఫాల్ దగ్గరే నేర్పు కావాలి. ఫాల్ గుడ్డని ముందు నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి కుచ్చిళ్ళ దగ్గర చీర ముడతలు పడుతుంది. బొడ్డున దోపుకునే కొస నుంచి 8, 10 అంగుళాలు వదిలి, చీర లోపలివైపు అడుగంచుకి సరిగ్గా ఆనించి మొదలుపెట్టాలి. మామూలు చీరకి అడుగు కుట్టు మిషన్ మీద వేసినా పైవరుస చేత్తోనే వెయ్యాలి. పట్టుచీరకి రెండు వరుసలూ చేతికుట్టే. పట్టులో మిషన్ సూది చేసిన రంధ్రం కుట్టు విప్పాక కూడా కనబడుతూనే ఉంటుంది.

అంబ్రెల్లా కట్ లంగాలు, గౌన్లు ఇంకో రకం. ఐమూలగా వచ్చిన చోట గుడ్డ సాగుతుంది కాబట్టి ఒక రాత్రంతా తగిలించి ఉంచి, మర్నాడు సాగినచోట కత్తిరించి, సన్నని మడత వెయ్యాలి. పెరిగే పిల్లల లంగాలకి మాత్రం అడుగున వెడల్పాటి మడత వదిలితే వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. తల్లులు ఆ టైలర్ని మర్చిపోరు.

జీన్స్‌కి వచ్చేసరికి కంపెనీ అంచు పోకూడదంటారు. 3 అంగుళాలు తగ్గించాలంటే, ఆ అంచు పైగీత నుంచి ఒకటిన్నర అంగుళం దూరంలో బయటివైపుకి పైకి మడిచి, పాత అంచుని ఆనుకుని కుట్టెయ్యాలి. మిగిలినది కత్తిరించి ఓవర్‌లాక్ చెయ్యాలి. 16 లేదా 18 నంబరు సూది వాడండి. పక్క కుట్ల దగ్గర మందం వస్తుంది, అక్కడ చక్రం చేత్తో తిప్పాలి. కొలిచే ముందు, ప్యాంటు ఒకసారి ఉతికారా అని అడగండి. ఏ చెప్పులు వేసుకుంటారో అవి వేయించి కొలవండి.

షాపు పని వద్దనుకునేవాళ్ళకి ఫ్యాక్టరీలున్నాయి. అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో, సిరిసిల్ల అపారెల్ పార్కులో దుస్తులు తయారవుతాయి. ఇలాంటిచోట టీషర్టు అడుగంచు ఫ్లాట్‌లాక్ మిషన్ మీద నడుస్తుంది, అంగుళానికి ఎన్ని కుట్లు పడాలో లెక్క ఉంటుంది. రోజంతా ఒకే పని, విసుగే. రెండు మూడు రకాల మిషన్లు నడపగలిగితే విలువ పెరుగుతుంది.

పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు ఉంది, ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. ఇప్పటికే సొంతంగా కుట్టుకుంటున్నవాళ్ళయితే 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ వృత్తి కూడా ఉందని గుర్తుపెట్టుకోండి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం, శిక్షణ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు రుణం ఇస్తారు. కొత్త పేర్లు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో కామన్ సర్వీస్ సెంటర్లో అడగండి.

పని అడగడానికి షాపుకి వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు జానెడు గుడ్డముక్కలు పట్టుకెళ్ళండి: పట్టు మీద చేతి హెమ్మింగ్, షిఫాన్ మీద సన్నని మడత, జీన్స్ అంచు. మాస్టరు ముందు వాటిని తిరగేసి చూస్తాడు. పట్టుచీర ఫాల్‌కి, సింథటిక్ చీర ఫాల్‌కి ఒకే రేటు ఒప్పుకోకండి, మొదటిదానికి పట్టే సమయం చాలా ఎక్కువ.