ప్రత్యర్థియే గురువైన వేళ

పోటీపరీక్షలకు సిద్ధపడు యువకులు తమకంటె మిన్నయైన సహాధ్యాయి ఎదురైనప్పుడు అతనిని తప్పించుకొని తిరుగుటయో, అతని ప్రతిభ దైవదత్తమని సరిపెట్టుకొని తమ ప్రయత్నమును సడలించుటయో తఱచుగా చూచుచున్నాము. ఇంతకంటె మేలైన మార్గమొకటి కలదు. దానిని తెలిసికొనగోరువారు 1973 మొదలు 1988 వఱకు 80 పర్యాయములు ఒకరినొకరు ఎదుర్కొనిన టెన్నిసు క్రీడాకారిణులు క్రిస్ ఎవర్ట్, మార్టినా నవ్రతిలోవాల చరిత్రను శ్రద్ధగా పరిశీలింపవలెను.

ఫ్లోరిడాలో టెన్నిసు శిక్షకుని కుమార్తెగా జన్మించి, బాల్యముననే మట్టికోర్టుపై ఆరితేరిన ఎవర్ట్, బేస్‌లైను వద్ద నిలిచి, రెండుచేతుల బ్యాక్‌హ్యాండుతో బంతిని కోరినచోటికి మరల మరల పంపుచు, ఎదుటివారి ఓర్పు నశించువఱకు వేచియుండెడిది. ప్రేగ్ నగరమున జన్మించిన నవ్రతిలోవాయో, ఎడమచేతితో సర్వీసు చేసినదే తడవుగా నెట్ వద్దకు దూసికొనివచ్చి వాలీతో పాయింటును ముగింపజూచెడిది. 1975లో, పద్దెనిమిదేండ్ల ప్రాయమున, స్వదేశమును విడిచి అమెరికాలో ఆశ్రయము కోరిన ఈమెకు ప్రతిభ పుష్కలముగా నున్నను, దేహదార్ఢ్యమును నియమబద్ధమైన సాధనయు కొఱవడియుండెను. 1981లో అమీలియా ద్వీపమున ఎవర్ట్ ఆమెను 6-0, 6-0 తేడాతో ఓడించెను. ఒక్క గేమైనను దక్కలేదు.

అంతటి పరాభవమునకు ఆమె యిచ్చిన సమాధానము గమనింపదగినది. బాస్కెట్‌బాల్ క్రీడాకారిణియగు నాన్సీ లీబర్‌మన్ తోడ్పాటుతో పరుగునకును, బరువులెత్తుటకును పూనుకొని, భోజనమును సైతము లెక్కకు లోబఱచి, రెనే రిచర్డ్స్ శిక్షణలో ఆటయందలి లోపములను ఒక్కొక్కటిగా దిద్దుకొనెను. 1983లో ఆమె ఆడిన 87 సింగిల్స్ పోటీలలో 86 గెలిచెను. ఎవర్ట్‌పై వరుసగా 13 పర్యాయములు విజయము సాధించెను.

నా మనస్సునకు ఇంతకంటెను హత్తుకొనినది ఎవర్ట్ నడచిన తీరు. ముప్పదియేండ్లు సమీపించుచుండగా, కీర్తికి కొదువలేని ఆమె ఆటనుండి విరమించినను ఎవరును తప్పుపట్టియుండరు. కాని ఆమె చెక్కరాకెట్టును విడిచి గ్రాఫైటు రాకెట్టును చేపట్టెను. ప్రత్యర్థివలెనే వ్యాయామశాలను ఆశ్రయించెను. 1985లో పారిస్‌లో జరిగిన ఫ్రెంచి ఓపెన్ ఫైనలున నవ్రతిలోవాతో తలపడినప్పుడు, మూడవ సెట్టు 5-5 వద్ద తన సర్వీసులో 0-40తో వెనుకబడియు, ఆ గేమును నిలుపుకొని, పిదప బ్యాక్‌హ్యాండుతో గీత వెంబడి బంతిని పంపి 7-5తో సెట్టును, టైటిలును గైకొనెను. మొత్తము పోటీలలో నవ్రతిలోవా 43, ఎవర్ట్ 37 గెలిచిరి. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు మాత్రము ఇరువురికిని పదునెనిమిదేసి.

కావున నమూనా పరీక్ష ముగిసిన సాయంకాలమున ర్యాంకుల పట్టిక ముందు నిట్టూర్చుటకు మాఱుగా, మొదటి ర్యాంకు వచ్చినవానినే సమీపించి, అతడు ఏ భాగముతో ఆరంభించెనో, ఏ ప్రశ్నలను చదివినంతనే వదలివేసెనో, లెక్కలకు ఎన్ని నిమిషములు కేటాయించెనో అడిగి తెలిసికొనుడు. మైనస్ మార్కులున్న పరీక్షలలో ఏ ప్రశ్న వదలవలెనో యెఱుగుట సగము విద్య. అట్లు బయటపడిన లోపములలో ఒక్కదానినే యెన్నుకొని, తరువాతి పరీక్ష నాటికి సవరించుకొనుడు. అన్నిటిని ఒకేసారి సవరింపబూనినవాడు దేనినీ సవరింపజాలడు.

సాన్నిహిత్యమునకును హద్దు అవసరమే. వీరిరువురు జోడీగా 1976లో వింబుల్డన్ డబుల్స్ గెలిచిరి. కాని తన ఆటలోని గుట్టు ప్రత్యర్థికి పూర్తిగా తెలిసిపోవుచున్నదని తలచి ఎవర్ట్ ఆ జోడీని విరమించెను. స్నేహమును మాత్రము విరమింపలేదు. కలిసి చదువుకొనువారు సైతము తమకై ఏకాంతముగా కొన్ని గంటలు నిలుపుకొనవలెను. నేడు మీతో పోటీపడువాడే రేపు ఒకే కార్యాలయమున మీ ప్రక్కబల్లవద్ద కూర్చుండవచ్చును. 1986లో నవ్రతిలోవా అమెరికా పౌరురాలిగా ప్రేగ్‌కు తిరిగివచ్చి ఫెడరేషన్ కప్ ఆడినప్పుడు ఎవర్ట్ ఆమె జట్టులోనే యుండెను. ఫైనలున అమెరికా చెకోస్లొవేకియాను 3-0తో ఓడించెను.