కూలి, దానం, వెట్టి – మూడూ ఒకటి కాదు



కిందటి ఆదివారం మా పేటలో పిల్లలకు ధమ్మ పాఠం చెప్తూ ఒక ప్రశ్న వేశాను. "మీ ఇంట్లో ఎవరెవరు పని చేస్తారు?" ఎనిమిదో తరగతి పాప లేచి, "నాన్న తాపీ పనికి వెళ్తాడు సార్. అమ్మ ఏమీ చెయ్యదు, ఇంట్లోనే వుంటుంది" అంది.

"మరి పొద్దున నీళ్ళు పట్టిందెవరు?" "అమ్మే." "అన్నం వండింది?" "అమ్మే." "మంచాన వున్న నాయనమ్మకు స్నానం చేయించింది?" పాప తల దించుకుంది. ఒక్కొక్కటే బోర్డు మీద రాశాం. బోర్డు నిండిపోయింది. ఆ రోజు పాఠం అదే.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే లెక్క చూడండి. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. అంటే వాళ్ళది దాదాపు ఐదు గంటలు, మనది గంటన్నర. డెల్టాలో నాట్లకూ కలుపుకూ వెళ్ళే అమ్మ చేలో పని అయ్యాక మళ్ళీ ఈ పనంతా చేస్తుంది.

డబ్బు రాని పనులన్నీ ఒకటి కాదు. ఇది పిల్లలకు విడమరిచి చెప్పాలి.

మొదటిది వెట్టి. ఇష్టం లేకుండా, కులం పేరు చెప్పి గుంజుకునే పని. మన వూళ్ళలో గ్రామ నౌకరును వెట్టివాడనే పిలిచేవారు. మహారాష్ట్రలో మహర్ల మెడకు ఇట్లాగే వతన్ చాకిరీ చుట్టుకుంది. దాన్ని తొలగించడానికి బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. తర్వాత మన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా వెట్టే అని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఇది ప్రతి కూలీకీ తెలియాలి.

రెండోది దానం. మన ఇష్టంతో ఇచ్చేది. నది ఆవలి ఒడ్డున అమరావతి స్తూపం వుంది కదా. అక్కడి శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరుంది. తల్లితో, భార్యతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి పలక దానం చేశాడు. తోలు పని చేసిన చెయ్యి అది. కష్టానికి ఫలితం చేతికొచ్చినవాడే దానం చెయ్యగలడు. కూలి ఎగ్గొట్టి దానికి సేవ అని పేరు పెడితే అది ధమ్మం కాదు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు యజమానికి చెప్పిన విధులేమిటి? శక్తికి తగిన పని ఇవ్వాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, సెలవు ఇవ్వాలి.

మూడోది ఇంటి చాకిరీ. ప్రేమతో చేస్తుంది కాబట్టి దానం అంటాం. కానీ చెయ్యనని అనే హక్కు అమ్మకు వుందా? లేకపోతే అది ఎటువైపు జరుగుతోందో ఆలోచించండి. విరేచనాలతో పడివున్న భిక్షువును బుద్ధుడూ ఆనందుడూ తమ చేతులతో కడిగి శుభ్రం చేశారు. ఆ పని తథాగతుడికి తక్కువ కాలేదు. మనకెట్లా తక్కువవుతుంది?

మనల్ని మనం కూడా అడుగుదాం. బుద్ధ వందన రోజున మైకు ఎవరి చేతిలో వుంటుంది? టీ గిన్నెలు ఎవరి చేతిలో వుంటాయి? నేనూ ఇరవై ఏళ్ళుగా మీటింగులకు తిరిగాను. ఇంట్లో ఎవరు మోస్తే నేను తిరగగలిగానో ఈమధ్యనే లెక్క వేసుకున్నాను. సిగ్గేసింది.

ఈ వారం చెయ్యవలసినవి:

1. పిల్లలు అమ్మ రోజంతా చేసే పని గంటల ప్రకారం రాయాలి. నాన్నదీ రాయాలి. రెండూ పక్కపక్కన పెట్టి ఇంట్లో చదివి వినిపించాలి.
2. మగపిల్లలు ఒక పని ఎంచుకుని రోజూ తామే చెయ్యాలి. దాన్ని "అమ్మకు సాయం" అనకూడదు, "నా పని" అనాలి.
3. పెద్దలు ఒకే పనికి ఆడకూలి ఎంత, మగకూలి ఎంత అని అడిగి రాసుకుని వచ్చే ఆదివారం తేవాలి. సమాన పనికి సమాన వేతనం కోసం 1976లోనే చట్టం వచ్చింది.

స్కూలు ఫారంలో "తల్లి వృత్తి" అన్నచోట ఇక మీదట గీత గీసి వదిలెయ్యొద్దు.

భవతు సబ్బ మంగళం.