అన్నకు జలుబు – చెల్లెకు గండం

చలికాలం వచ్చిందంటే జైనూర్, సిర్పూర్ (యు), కెరమెరి గూడేల్లో పిల్లల ముక్కు కారని ఇల్లు ఉండదు. “సర్దే కదా, అదే పోతది” అనుకుంటాం. చాలాసార్లు పోతుంది కూడా. కాని అదే సర్ది ఒక్కొక్కప్పుడు రెండు మూడు రోజుల్లో చంటిబిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. ఏది మామూలుది, ఏది ప్రమాదం? తెలుసుకుందాం.

సర్ది తెచ్చేది ఎవరు?

కంటికి కనపడని వైరస్‌లు. అవి చాలా రకాలు.

రైనో వైరస్: అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది. ముక్కు కారడం, తుమ్ములు. వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం ఆయాసం పెంచుతుంది.

ఫ్లూ: ఒక్కసారిగా ఎక్కువ జ్వరం, ఒళ్లునొప్పులు. కొందరికి న్యుమోనియాగా మారుతుంది.

పారా ఇన్‌ఫ్లుయెంజా: గొంతు వాస్తుంది. కుక్క మొరిగినట్టు దగ్గు వస్తుంది. ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడైతే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కోవిడ్: 2020లో పెద్దలను చాలా భయపెట్టింది. పిల్లల్లో ఎక్కువమందికి తేలికగానే పోయింది.

ఆర్.ఎస్.వి.: పేరు కొత్త, జబ్బు పాతది. రెండేండ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. ఆరు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండక పుట్టినవారికి అన్నిటికన్నా దీనితోనే ఎక్కువ భయం. 2019లో ప్రపంచంలో అయిదేండ్ల లోపు పిల్లలు సుమారు లక్షమంది దీనివల్ల చనిపోయారని అంచనా. అందులో నూటికి 97 మంది మనలాంటి పేద, మధ్య ఆదాయ దేశాల పిల్లలే.

ఒకే వైరస్ – రెండు తీర్లు ఎందుకు?

బడికి పోయే అన్న ఆర్.ఎస్.వి. తెస్తాడు. వాడికి నాలుగు రోజుల జలుబు. వాడు ముద్దుపెట్టుకున్న రెండు నెలల చెల్లెకు ఆయాసం! చంటిబిడ్డ గాలిగొట్టాలు చాలా సన్నవి. కొంచెం వాచి, చీమిడి చేరితే చాలు, మూసుకుపోతాయి. కాబట్టి వైరస్ పేరు కోసం వెతకకండి. బిడ్డ వయసు చూడండి, ఊపిరి చూడండి.

ఊపిరి ఎట్లా లెక్కపెట్టాలి?

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, నిండు నిమిషం గడియారం చూస్తూ లెక్కపెట్టండి.

రెండు నెలల లోపు – 60 లేక ఎక్కువ
2 నెలల నుంచి ఏడాది లోపు – 50 లేక ఎక్కువ
ఏడాది నుంచి అయిదేండ్ల లోపు – 40 లేక ఎక్కువ

ఇంత ఉంటే ఆసుపత్రికి పోవాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, పెదవులు నీలంగా మారినా, మగతగా పడి ఉన్నా, రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఆశా కార్యకర్తను పిలవండి.

చెయ్యకూడనివి

పొట్టమీద వాతలు పెట్టించకండి. వాత పుండవుతుంది, ఆయాసం తగ్గదు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకండి. డాక్టరు చెప్పకుండా ఆంటిబయాటిక్ కొనకండి. వైరస్ మీద అది పనిచెయ్యదు.

చెయ్యవలసినవి

ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. సర్దిలోనూ పాలు ఆపకండి, కొంచెం కొంచెంగా మాటిమాటికి పట్టండి. పొయ్యి పొగ, బీడీ పొగ బిడ్డకు దూరంగా ఉంచండి. జలుబు చేసినవారు చేతులు కడుక్కోకుండా చంటిబిడ్డను ఎత్తుకోవద్దు. టీకాలన్నీ వేళకు వేయించండి. న్యుమోనియా టీకా, తట్టు టీకా ఉచితం. ఇవి ఆర్.ఎస్.వి.ని ఆపవు కాని, ఊపిరితిత్తులను చెడగొట్టే వేరే జబ్బులను ఆపుతాయి.

ఇంకొక మాట. వెంటవెంటనే కాన్పులైతే బిడ్డ నెలలు నిండక, బరువు తక్కువగా పుట్టే భయం ఎక్కువ. సర్ది గట్టిగా పట్టేది అట్లాంటి బిడ్డనే. కాన్పుకు కాన్పుకు మధ్య మూడేండ్లన్నా ఎడం ఉంచుకోండి.

జలుబును చూసి భయపడకండి. ఊపిరి వేగం చూసి ఊరుకోకండి!