ముందు పని లెక్క, తర్వాత బండి బేరం

రేపల్లెలో ఇల్లు, తెనాలిలో ఉద్యోగం, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు. మన ప్రాంతంలో ఇలా మూడు చోట్లా తిరుగుతూ కష్టపడే యువకులు చాలామంది. "ఒక పికప్ కొంటే ఆఫీసుకూ అదే, చెరువుకూ అదే" అన్న ఆలోచన వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మంచి ఆలోచనే. అయితే షోరూమ్ మెట్లు ఎక్కేముందు ఒక పూట కూర్చుని లెక్క రాసుకోండి. ఆశను కాగితం మీద పెట్టి చూసుకునేవాడు అప్పుకు భయపడడు, అప్పులో మునగడు.

1. రెండు పనులను విడదీయండి

ముందు ఉద్యోగ ప్రయాణం. రేపల్లె నుంచి తెనాలికి పోనూ రానూ 70 కిలోమీటర్లు. పికప్ లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చినా రోజుకు 5 లీటర్ల డీజిల్. బైకుకు లీటరు పైచిలుకు పెట్రోలు చాలు. 1916 నుంచీ ఉన్న రైలు మార్గం ఉండనే ఉంది, సీజన్ టికెట్టు ఇంకా చవక. కాబట్టి ఆఫీసు ప్రయాణాన్ని బండి వల్ల వచ్చే లాభంగా రాయకండి, ఖర్చుగా రాయండి.

ఇక బరువు పని. రొయ్య పిల్లలను చాలాసార్లు హేచరీ బండే తెస్తుంది. పట్టుబడి రోజున కొనేవాళ్ల ఐసు బండి గట్టు దగ్గరికే వస్తుంది. మీకు మిగిలేవి మేత బస్తాలు, ఏరియేటర్లు, డీజిల్ డబ్బాలు. పోయిన ఏడాది వీటికోసం కిరాయి బండి ఎన్నిసార్లు పిలిచారు, ఎంత ఇచ్చారు? అసలు లెక్క అదే.

జనరేటరు ట్రాలీనో, పడవనో లాగాలంటే మన దగ్గర ట్రాక్టరును పిలుస్తారు. తడి గట్టు మీద దాని పట్టు మామూలు పికప్‌కు రాదు. ఏడాదికి రెండు మూడుసార్లు పడే పనికి కిరాయి ట్రాక్టరు చాలు. కుటుంబంతో ప్రయాణం, బరువు లాగడం రెండూ తరచూ ఉన్నవారికి మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ లాంటివి ఉన్నాయి. కానీ ఆ డబ్బుతో రెండు బొలెరో పికప్‌లు వస్తాయి.

2. వాయిదాకు ఎదురుగా పనిని రాయండి

7 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, నాలుగేళ్ల గడువు అనుకుందాం. నెల వాయిదా సుమారు 18,100 రూపాయలు. దానికి ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు కలిపితే నెలకు మొత్తం 24,000 అనుకోండి. డీజిలూ డ్రైవరూ పోను ట్రిప్పుకు 800 మిగిలితే, నెలకు 30 ట్రిప్పులు పడాలి. మీ చెరువు పని ఎనిమిది ట్రిప్పులే అయితే మిగతా ఇరవై రెండు ఎవరిస్తారు? ఆ పేర్లు రాయగలిగితే సగం నిర్ణయం అయిపోయినట్టే.

3. ఒక్క పనినే నమ్ముకోకండి

ఇంటింటికీ రేషన్ ఇవ్వడానికి 2021 జనవరిలో మన రాష్ట్రంలో 9,260 బండ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్ నుంచి ఆ పద్ధతి ఆగిపోయింది. నిర్ణయం ఎవరిదైనా, బండికి ఒకే పని ఉంటే ఆ పని ఆగిన రోజే ఆదాయమూ ఆగుతుంది. చేపల లోడునే నమ్ముకున్నవారికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది, వాయిదాకు మాత్రం సెలవు ఉండదు. అందుకే కనీసం మూడు రకాల లోడ్లు చూసుకోండి. తెనాలి నిమ్మకాయలు, దుగ్గిరాల పసుపు, కొల్లూరు లంకల అరటి, వరి కోతల నాటి ధాన్యం... మన చుట్టూ పనికి కొదవ లేదు. పెనుమూడి వంతెన దాటితే దివిసీమ కూడా మీదే.

4. కాగితాల దగ్గర పొదుపు వద్దు

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకండి. కిరాయికి తిప్పే బండికి ఎల్లో బోర్డు, ఎఫ్‌సీ, సరైన ఇన్సూరెన్సు తప్పనిసరి. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఊరట ఇచ్చింది: మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చు. ఓవర్‌లోడు జోలికి మాత్రం పోకండి. చట్టం ప్రకారం జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. పెళ్లికనీ తిరునాళ్లకనీ తొట్టిలో మనుషులను ఎక్కించకండి. ప్రమాదం జరిగితే పోయే ప్రాణానికి వెల లేదు, ఇన్సూరెన్సు కంపెనీ కూడా మీ వెంట నిలబడదు.

5. మీ మాట మీరు వినండి

"ఫలానావాడు కొన్నాడు, నువ్వెందుకు కొనవు?" అని మిత్రుడు అంటాడు. "ఈ పండగ దాటితే ఆఫర్ పోతుంది" అని షోరూమ్ కుర్రాడు అంటాడు. "మనకెందుకు రా ఆ తలనొప్పి" అని ఇంట్లో నాన్న అంటారు. ముగ్గురి మాటా గౌరవంగా వినండి, ముగ్గురికీ మీ కాగితం చూపించండి. తొందరపెట్టే మాటా, భయపెట్టే మాటా అంకెల ముందు నిలబడవు.

రెండు నెలలు కిరాయి బండితోనే పని నడపండి. ప్రతి ట్రిప్పూ రాయండి. ఆ తర్వాత ఒక తేదీ పెట్టుకుని నిర్ణయం తీసుకోండి. ముప్పై ట్రిప్పులు కనిపిస్తే ధైర్యంగా కొనండి, వెనుకాడితే అదీ నష్టమే. పదిహేను దగ్గరే ఆగితే సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ చూడండి, లేదా బండి ఉన్నవాడితో వాటా కలపండి. ఎనిమిది దాటకపోతే కిరాయే మేలు, చేతిలోని డబ్బు చెరువులో పెట్టండి. లెక్క చూసి కొన్నవాడిదీ, లెక్క చూసి ఆగినవాడిదీ ఒకే విజయం. ఈ ఆదివారమే ఆ కాగితం తీయండి.