బొగ్గు గనుల చెంత గ్రామ వ్యాపారము: సామాజిక మాధ్యమముల వినియోగము

గ్రామమున తయారైన వస్తువునకు గిరాకి దొరకనిచో, కష్టించిన చేతికి ఫలము దక్కదు. వస్తువు మంచిదైన మాత్రమున చాలదు. అది ఉన్నదని కొనువారికి తెలియవలెను. పూర్వము ఈ పనిని డప్పు చాటింపు, వారపు అంగడి, నోటి మాట చేసెడివి. అవి నేటికిని పోలేదు. వానికి తోడుగా ఇప్పుడు చేతిలోని ఫోను చేరినది. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ మొదలైన వానిని సామాజిక మాధ్యమములని వ్యవహరించుచున్నారు. వీనిని చిన్న వ్యాపారమునకు ఎట్లు వినియోగింపవచ్చునో, అందు పంచాయతీ సభ్యులు చేయదగిన పని యేమో, రామగుండము, గోదావరిఖని పరిసర గ్రామములను దృష్టియందుంచుకొని ఇచట వివరించుచున్నాము.

మన ప్రాంతపు స్థితి

ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకముతో ఆరంభమైన సంస్థ 1920 నుండి సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరుతో నడచుచున్నది. నేడు అందు రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. 1960 దశకము నుండి గోదావరిఖని గనుల పట్టణముగా పెరిగినది. దాని చెంతనే విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము నెలకొన్నవి. యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, జ్యోతినగర్ వంటి నివాసములు వెలసినవి. నెల నెల జీతము అందుకొను కుటుంబములు ఇన్ని ఒకచోట ఉండుట చుట్టుపట్ల గ్రామములకు గొప్ప అండ. అంతర్గాం, పాలకుర్తి, కమాన్‌పూర్, రామగిరి మండలముల పాలకు, కూరగాయలకు, పిండివంటలకు సహజమైన విపణి ఈ కాలనీలే.

కాని ఈ అండ మునుపటివలె లేదు. 1990 దశకపు ఆరంభమున లక్షకు మించి ఉండిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలకు దిగినది. భూగర్భ గనుల పాలు తగ్గి, ఉపరితల గనులు, పెద్ద యంత్రములు వచ్చుట ఇందుకొక ముఖ్య కారణము. పదవీ విరమణ చేసినవారిలో పలువురు స్వగ్రామమునకో, కరీంనగరమునకో, హైదరాబాదునకో తరలిపోవుదురు. కావున కాలనీ గేటువద్ద గంప దింపి కూర్చున్నచో సాయంత్రమునకు సరకు చెల్లిపోవునను భరోసా సన్నగిల్లుచున్నది. ఉన్న కొనుగోలుదారుని నిలుపుకొనవలెను. తరలిపోయిన వానితో సంబంధము తెగకుండ చూచుకొనవలెను. సామాజిక మాధ్యమముల వలన మనకు కలుగు ముఖ్య ప్రయోజనము ఇదియే. ముక్కు మొగము తెలియని వేలమందికి వార్త పంపుట తరువాతి సంగతి.

నాలుగు సాధనములు

మొదటిది వాట్సాప్ బిజినెస్. ఇది 2018లో వచ్చినది. చిన్న వ్యాపారులు దీనిని ఉచితముగా వాడుకొనవచ్చును. ఇందు దుకాణము పేరు, చిరునామా, పనివేళలు వ్రాసి ఉంచవచ్చును. 500 వస్తువుల వరకు బొమ్మతోను, ధరతోను పట్టికగా చేర్చవచ్చును. మనము పొలములో ఉన్నప్పుడు ఎవరైన అడిగినచో, ముందుగా వ్రాసియుంచిన జవాబు దానంతటదియే పోవును. ఒకే వార్తను 256 మందికి ఒక్కసారి పంపు జాబితా కూడ కలదు. అయితే కొనుగోలుదారు మన నంబరును తన ఫోనులో దాచుకొన్ననే ఆ వార్త అతనికి చేరును. కావున సరకు ఇచ్చునప్పుడు, "మా నంబరు దాచుకొనుడు" అని కోరుట మరువరాదు. గ్రూపునకును, ఈ జాబితాకును భేదము కలదు. గ్రూపులో చేరినవారి నంబర్లు ఒకరివి మరియొకరికి కనబడును, జాబితాలో కనబడవు. స్త్రీలు కొనుగోలుదారులుగా ఉన్నచోట జాబితాయే శ్రేయస్కరము.

రెండవది గూగుల్ మ్యాపులో నమోదు. టైలరు, పంక్చరు దుకాణము, పిండిమర, నర్సరీ మొదలగు స్థిరమైన చోటు గలవారికి ఇది మిక్కిలి ఉపయోగకరము. నమోదునకు రుసుము లేదు. సంస్థవారు నిర్ధారించుకొనిన పిదప దుకాణము పటములో కనబడును. కొన్నవారు వ్రాసిన అభిప్రాయములకు యజమాని మర్యాదగా జవాబు వ్రాయవచ్చును.

మూడవది ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా. ఫేస్‌బుక్‌లో వ్యక్తిగత ఖాతాకు 5,000 మంది స్నేహితులకు మించి ఉండరాదు. పేజీని అనుసరించువారికి అట్టి పరిమితి లేదు. ఇంటి ముచ్చట్లు ఒకచోట, వ్యాపారము వేరొకచోట ఉండుట ఇరువురికిని మంచిది.

నాలుగవది యూట్యూబ్. పొరుగున ఉన్న జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి గ్రామమున 2012లో ఆరంభమైన "మై విలేజ్ షో" ఇందుకు దృష్టాంతము. పల్లెలోని మాటను, పనిని, హాస్యమును ఉన్నదున్నట్లు చూపి వారు దేశ విదేశములలోని తెలుగువారిని ఆకర్షించిరి. వ్యవసాయ కూలిగా బ్రదికిన గంగవ్వ దీని మూలమున తెలుగునాట ఇంటింటికి పరిచితురాలైనది. అందరికిని అంత ప్రసిద్ధి రాదు, రానక్కరలేదు. మన పల్లె మాటయే మనకు బలమని దీనినుండి గ్రహింపవలెను.

వేళ నెరిగి వార్త పంపుట

గనుల ప్రాంతమున కొనుగోలుదారుని దినము షిఫ్టును బట్టి నడచును. భూగర్భ గనిలోనికి సెల్‌ఫోను తీసికొనిపోరాదు. మండు వాయువు చేరు చోట నిప్పురవ్వ ప్రాణాపాయకరము. గనిలో ఉన్నవానికి పంపిన వార్త అతడు పైకి వచ్చువరకు చూడబడదు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించువానికి మాటిమాటికి ఫోను మ్రోగినచో విసుగు కలిగి, మన నంబరును అడ్డగించును. కావున ఏ ఇంటివారు ఏ షిఫ్టులో ఉన్నారో తెలిసికొని, వార్తను దినమునకు ఒక్కటిగా, షిఫ్టు దిగు వేళకు అందునట్లు పంపుట మంచిది. జీతములు వచ్చు దినములు, దసరాకు ముందు కార్మికులకు లాభములలో వాటా అందు వేళ, దీపావళి బోనసు వేళ గిరాకి హెచ్చును. సరకు ఆ వేళకు సిద్ధముగా ఉన్ననే వార్త ఫలించును.

ఒక ఉదాహరణము

ఒక గ్రామములోని మహిళా సంఘమువారు సంక్రాంతికి సకినాలు చేసి అమ్మదలచిరి అనుకొందము. ముందుగా బియ్యము, నువ్వులు, వాము, నూనె, గ్యాసు, డబ్బా, చేయువారి కూలి లెక్కవేసి కిలో ధర నిర్ణయింపవలెను. పార్సిలు ఖర్చు వేరుగా చూపవలెను. పిదప పగటి వెలుతురున, శుభ్రమైన బట్టపై సకినము చుట్టుచున్న చేతులను, తూకమును ఫోటో తీయవలెను. మరియొకరి బొమ్మను తెచ్చి మనదని చూపుట మోసమే అగును. పండుగకు 20 దినములు ముందుగా కాలనీలలోని పాత కొనుగోలుదారులకు ధర, తూకము, తుది తేది వ్రాసి పంపవలెను. వారి బిడ్డలు హైదరాబాదులో ఉన్నచో ఆర్.టి.సి. కార్గో ద్వారా పంపవచ్చును. వచ్చిన ప్రతి ఆర్డరును నోటుపుస్తకమున కూడ వ్రాయవలెను. చేయగలిగినంతకు మించి ఒప్పుకొనరాదు. ఒక్క పండుగకు మాట తప్పినచో, మరుసటి పండుగకు ఎంత మంచి ఫోటో పంపినను ప్రయోజనముండదు.

ఆహార పదార్థములను అమ్ముటకు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు అవసరము. డబ్బాపై తయారీ తేది, తూకము, సంఘము పేరు ఉండవలెను.

మోసముల యెడ జాగరూకత

2016లో యు.పి.ఐ. వచ్చినది మొదలు చెల్లింపులు సులభమైనవి, మోసగాండ్రును పెరిగిరి. సైనికోద్యోగినని చెప్పి పెద్ద ఆర్డరు ఇచ్చి, "సొమ్ము పంపుచున్నాను, ఈ కోడును స్కాను చేయుడు" అనువారు కలరు. స్కాను చేసి పిన్ నొక్కుట సొమ్ము పంపుటకే గాని, స్వీకరించుటకు కాదు. సొమ్ము రావలెనన్న పిన్ నొక్కనక్కరలేదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంట తెలిసిన చాలును. సొమ్ము వచ్చినదని ఎదుటివాడు చూపు బొమ్మను నమ్మక, మన ఖాతాలోనే చూచుకొనవలెను. ఓ.టి.పి. ఎవ్వరికిని చెప్పరాదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్మును నిలిపివేయు అవకాశము తగ్గును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

వ్యాపారము చేయుట పంచాయతీ పని కాదు. చేయువారికి దారి చూపుట దాని పని. ప్రతి సభ్యుడును తన వార్డులో అమ్ముటకు వస్తువుగాని, పనితనముగాని కలవారి పట్టికను తయారుచేయవచ్చును: పాలు పోయువారు, గంపలల్లు మేదరివారు, కుట్టుపని చేయువారు, కూరగాయలు పండించువారు. ఫోను బాగుగా వాడగల యువతీ యువకులలో ఇద్దరు ముగ్గురిని ఎంచి, నెలకొక దినము పంచాయతీ కార్యాలయమున వారిచేత నేర్పింపవచ్చును. ఖాతాయు, పాస్‌వర్డును అమ్మువారి చేతిలోనే ఉండవలెను. నేర్పిన వాని చేతిలో ఉండరాదు. పంచాయతీ వార్తల గ్రూపును, అమ్మకముల గ్రూపును వేరుగా ఉంచవలెను. ఒకరి సరకును పొగడి, మరియొకరి సరకును మరుగుపరచుట సభ్యునకు తగదు.

బొగ్గు ఒకనాటికి తరుగును. గనియు ఒకనాటికి మూతపడును. కార్మికుని ఇంటికిని, పల్లెకును నడుమ ఏర్పడిన నమ్మకము అట్లు తరుగనక్కరలేదు. సరియైన తూకము, చెప్పిన ధర, నిలిచిన మాట ఆ నమ్మకమును నిలుపును. ఫోను దానిని దూరమునకు చేర్చును. ఈ నెల గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, కనీసము ఒక్క సంఘముచేతనైన ఈ పనిని ఆరంభింపజేయుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.